చదివి వినిపించిన తర్వాతే సీలు

మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి తలుపు సందులోంచి ఎవరో ఒక కార్డు వేసి వెళ్ళారు. వైకుంఠ సమారాధన కార్డు. పైన ఆయన ఫొటో. ఫొటోలో నవ్వుతున్నారు. ముందు నాకు కోపమే వచ్చింది. ఆయన ఎదుటి బల్ల దగ్గర ఏడేళ్ళు కూర్చుని టైపు కొట్టినదాన్ని, ఆ నవ్వు ఎన్నడూ చూడలేదు. ఎవరి పెళ్ళిలోనో బలవంతం మీద నవ్వినట్టున్నారు. పోయిన తేదీ చూసి, పది రోజులైందని తెలిశాక ఏడుపు వచ్చింది. పది రోజులూ నాకెవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికి మాత్రం ఎందుకు తోస్తుంది?

ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు కాగితం మీద చూసుకోవడం ఆయనకి నచ్చేది కాదు. రోజూ సంతకాలు పెట్టాల్సిన ఉద్యోగం చేస్తూ కూడా రెండు పొడి అక్షరాలు గీకి ఊరుకునేవారు. "పెట్టేది కంపెనీ అమ్మా. నేను చెయ్యి, అంతే" అనేవారు.

కంపెనీ అంటే చిక్కపేటలో ఒక బట్టల కొట్టు మీది మేడ. మెట్లెక్కుతుంటే కొత్త పంచెల గంజి వాసన వచ్చేది. బోర్డు మీద ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ అని ఉండేది. డెబ్బైల నడుమ నేను స్టెనోగా చేరినప్పుడు ఆయన అక్కడ సెక్రటరీ. చేరిన మొదటి రోజు రాత్రి, మిల్లులో పనిచేసి దిగిపోయిన మా నాయన అన్నం తింటూ అడిగాడు, "మీ ఆఫీసులో ఏం తయారు చేస్తారమ్మా?" నాకు తెలియలేదు. మర్నాడు సెక్రటరీగారినే అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు. ముఖ్యమైన మాట ఏదైనా చెప్పాలంటే ముందు ఆ అద్దాలు తుడవాల్సిందే. తుడుస్తున్నంతసేపూ ఎదుటివాళ్ళు ఊపిరి బిగబట్టుకుని ఉండాల్సిందే.

"మనం ఏమీ తయారు చేయమమ్మా. మనకి ఉండాయి, అంతే. సరిహద్దులో ఏటి మీద వంతెన ఒకటి ఉండాది, దాంట్లో మూడో పాలు మనది. చింతపండు పెట్టే కోల్డ్ స్టోరేజీ ఒకటి, సగం మనది. చందాపుర తావ ఫ్యాక్టరీ షెడ్లకి నీళ్ళిచ్చే బోర్లు, ట్యాంకు, పైపులు, అది పూరా మనదే."

"ఇవన్నీ ఎట్లా వచ్చాయి సార్?"

"దీపాల నుంచి" అన్నారు.

కింద బట్టల కొట్టు నడిపిన పెద్ద సావుకారు, సరిహద్దు దగ్గరి ఒక చిన్న ఊళ్ళో కరెంటు కంపెనీ పెడుతుంటే వాటాలు కొన్నారట. ఆ ఊళ్ళో మొదటి వీధి దీపం వెలిగినప్పుడు, అప్పటికి ఇంకా మీసాలు సరిగా రాని మా సెక్రటరీగారు స్తంభం కింద నిలబడి ఉన్నారట. తర్వాత సర్కారు ఆ కరెంటు కంపెనీని తీసేసుకుని పరిహారం ఇచ్చింది. దానితో వంతెనలో వాటా వచ్చింది, వంతెన ఇచ్చినదానితో కోల్డ్ స్టోరేజీ, అన్నిటికన్నా చివర చందాపుర నీళ్ళు. కంపెనీ చరిత్ర అడిగినవాళ్ళకి ఆయన ఇంతకుమించి చెప్పేవారు కాదు. కానీ ఏటా ఒకసారి బస్సెక్కి వెళ్ళి అన్నిటినీ చూసి వచ్చేవారు; దగ్గరున్న చందాపురకైతే వీలైనప్పుడల్లా. చూడటమంటే చేత్తో తాకి చూడటం. వంతెన దగ్గర సుంకం వసూలు చేసేవాళ్ళు ఈయన్ని గుర్తుపట్టి వద్దు సార్ అంటే, చిల్లర వాళ్ళ బల్ల మీద పెట్టి రసీదు ఇచ్చేదాకా కదిలేవారు కాదు. ఆ రసీదు తెచ్చి ఫైలులో కుట్టమని నాకిచ్చేవారు. మన వంతెనకి మనమే సుంకం కట్టిన రసీదు ఎందుకు సార్ అని నేను నవ్వితే, "వసూలు జరుగుతా ఉండాదని ఇంకెట్ల తెలుస్తాది?" అని నన్నే ఎగాదిగా చూశారు.

పెద్ద సావుకారు నేను చేరకముందే పోయారు. చట్టం ప్రకారం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి కాబట్టి ఒకరు ఆయన కొడుకు, మేమంతా చిన్న సావుకారు అనేవాళ్ళం; రెండోది పెద్ద సావుకారు భార్య. ఆమెని పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. ఆమెకి తెలుగు, కన్నడం చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. దస్తావేజులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. అందుకని ప్రతి సోమవారం సెక్రటరీగారు ఫైలు సంచీలో పెట్టుకుని బసవనగుడిలో వాళ్ళింటికి వెళ్ళేవారు. వెనక నేను, నోట్‌బుక్కుతో. వరండాలో పెద్దమ్మ అవరే చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చునేది. ఆయన ఒక వాక్యం ఇంగ్లీషులో చదివి, వేలు దాని కింద అట్లాగే పెట్టి, తెలుగులో చెప్పేవారు. వేలు జరిగిందంటే ఆ వాక్యం ఆమెకి అర్థమైనట్టు.

కొన్ని వాక్యాలకి తెలుగు ఉండేది కాదు. అప్పుడు, "ఇది సుమ్నే, ఊరికే పెద్దమ్మా, వకీళ్ళు ఊపిరి తీసుకునేదానికి పెట్టినారు" అని దాటేసేవారు. ఆమె నవ్వేది. ఆయన నవ్వేవారు కాదు.

చదవడమంతా అయ్యాక ఆమె ఒకటే ప్రశ్న వేసేది. చింతపండు కాగితమైనా, వంతెన కాగితమైనా అదే ప్రశ్న.

"చందాపుర నల్లులు?"

"ఉండాయి పెద్దమ్మా. పోయిన వారం నీళ్ళు తాగి వస్తి."

నల్లులంటే వాళ్ళ మాటలో కొళాయిలు. నాకు మొదట్లో ఇదేదో చాదస్తం అనిపించింది. ఒకరోజు తిరుగు బస్సులో ఆయనే చెప్పారు. చందాపుర దగ్గర కంపెనీ బోర్లు వేసిన ఏడాదే, పక్కనే ఉన్న కూలీల లైను బావి ఎండిపోయింది. అరవై ఇళ్ళు. ఆడవాళ్ళంతా బిందెలు తెచ్చి బోరు మిషను ముందు కూర్చున్నారు. పెద్ద సావుకారు, పెద్దమ్మ కారులో వెళ్ళారు. వాళ్ళ బావి మనమే ఎండగొట్టినాము అని అందరి ముందూ అన్నది పెద్దమ్మే. మా ట్యాంకులో నీళ్ళున్నంతకాలం లైనుకి రెండు కొళాయిలు ఉంటాయి అని పెద్ద సావుకారు మాట ఇచ్చారు. ఆ మాట ఎక్కడా రాసి లేదు. "మాట ఇచ్చినాయప్ప పోయినాడు. విన్నది పెద్దమ్మ. ఆయమ్మకి చెప్పకుండా నేను దేని మీదా సీలు వేయనమ్మా" అన్నారు.

సీలు గురించి చెప్పాలి. అది పొడుగు పిడి ఉన్న ఇనుప యంత్రం. కాగితం దాని నోట్లో పెట్టి నొక్కితే కంపెనీ పేరు సిరా లేకుండా ఉబ్బెత్తుగా పడుతుంది. అది పడితేనే దస్తావేజు చెల్లుతుంది. ఆయన చెప్పులు విడిచి, లేచి నిలబడి, ఒంటి బరువంతా వేసి నొక్కేవారు. తర్వాత కళ్ళు మూసుకుని బొటనవేలితో అక్షరాలు తడిమి చూసేవారు. ఆయుధ పూజనాడు మేము టైపు మిషన్లకి, లెక్కల మిషనుకి, బీరువాకి, ఆఖరికి కాగితాలకి చిల్లులు పొడిచే దానికి కూడా కుంకుమ పెట్టేవాళ్ళం. సీలుని మాత్రం ఆయన పూజలో పెట్టనిచ్చేవారు కాదు. "అది పనిముట్టు కాదమ్మా, మాట" అనేవారు. అది బీరువాలో తన పెట్టెలోనే ఉండేది.

ఎనభైల మొదట్లో చందాపుర నీళ్ళ కంపెనీని అమ్మాలని నిర్ణయమైంది. అమ్మొచ్చు, కానీ లైను కొళాయిలు ఉండాలన్న షరతుతో అని బోర్డు తీర్మానం. ఆ తీర్మానం టైపు చేసింది నేనే. కొనేవాడు బొంబాయి మనిషి, అక్కడ ఫ్యాక్టరీ పెడతాడట. విజయదశమి మంచిరోజు కదా, ఆరోజు సీలు వేద్దామనుకున్నారు. ఆ బొంబాయి మనిషి ఒకరోజు ముందే, నవమి ఆయుధ పూజనాడు, తన వకీలు టైపు చేయించిన దస్తావేజుతో దిగిపోయాడు. సాయంత్రం విమానానికి వెళ్ళిపోవాలట.

ఆరోజు పొద్దున పెద్దమ్మ ఎప్పటిలాగే పూజకి వచ్చి హారతి ఇచ్చింది. సెక్రటరీగారు కింద వీధిలో గుమ్మడికాయ కొట్టించే పనిలో ఉన్నారు. నేను కుంకుమ గిన్నె పట్టుకుని మిషన్ల మధ్య నిలబడి ఉన్నాను. చిన్న సావుకారు కాగితాలు తెచ్చి, "అమ్మా, ఈడ ఒక చేవ్రాలు" అన్నాడు.

"ఆయన చదివినాడా?" అని అడిగిందామె.

"చూసినాడులే అమ్మా."

ఆమె పెట్టేసింది. ఆయన చూడలేదని నాకు తెలుసు. ఆ దస్తావేజు మేడెక్కి పావుగంట కూడా కాలేదు. నేను నోరు తెరవలేదు. మా నాయనకి జీతం లేదు, తమ్ముడు ఇంకా చదువుతున్నాడు అని ఇప్పుడు రాయొచ్చు. నిజం ఏమిటంటే భయపడ్డాను.

పెద్దమ్మ కారెక్కి వెళ్ళిపోయాక చిన్న సావుకారు తన గదిలోకి సెక్రటరీగారినీ నన్నూ పిలిచాడు. బొంబాయి ఆయన సోఫాలో గడియారం చూసుకుంటున్నాడు. బల్ల మీద దస్తావేజు. సీలు తెమ్మన్నాడు. సెక్రటరీగారు తేలేదు. నిలబడే చదవడం మొదలుపెట్టారు. ఒక్కొక్క వాక్యం కింద వేలు. బొంబాయి ఆయన ఇంగ్లీషులో ఏదో విసుక్కున్నాడు. చిన్న సావుకారు పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. చివరి పేజీ దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చి, రెండోసారి కూడా చూశారు.

"నల్లుల మాట లేదప్పా దీంట్లో."

"వాళ్ళకి నీళ్ళన్నీ ఫ్యాక్టరీకి కావాలంట. అది తీసేసినారు."

"తీర్మానంలో ఉండాది కదా."

"అమ్మ చేవ్రాలు పెట్టింది. చూడండి, ఈడ."

ఆయన ఆ చేవ్రాలు వైపు చాలాసేపు చూశారు. "పెద్దమ్మకి ఎవరు చదివినారు?"

చిన్న సావుకారు ఎర్రబడిన ముఖంతో, "సీలు తీసుకురండి. ఆయనకి టైమవుతా ఉండాది" అన్నాడు.

సెక్రటరీగారు కళ్ళజోడు తీశారు. తుడిచారు.

"సీలు పూజలో ఉండాది. రేపు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా దాన్ని కదిలించేదానికి లేదు."

ఏడేళ్ళలో ఆ నోట అబద్ధం వినడం అదే మొదలు. వేరే మనిషైతే దానికి ముందూ వెనకా నాలుగు మాటలు చేర్చేవాడు. ఈయనకి చేతకాలేదు. ఆ ఒక్క ముక్క చెప్పి గోడ వైపు చూస్తూ నిలబడ్డారు.

"సీలుకి పూజ ఎప్పట్నుంచి?" అని చిన్న సావుకారు నా వైపు తిరిగాడు. "నువ్వు పోయి చూసిరామ్మా."

వెళ్ళాను. ఆ గదికీ పూజ చేసిన గదికీ మధ్య పది అడుగుల నడవ. టైపు మిషన్ల మీద చామంతి దండలు, బొరుగులు, అరటిపండ్లు. సీలు లేదు. బీరువాకి కూడా పూజ చేశాం కాబట్టి తాళంచెవులు దానికే వేలాడుతున్నాయి. బీరువా తీశాను. సీలు తన పెట్టెలో ఉంది. లేదని చెబితే నా ఉద్యోగానికి ఏమీ కాదు. సాయంత్రానికి అది దస్తావేజు మీద పడుతుంది. ఆ లైనులోని ఆడవాళ్ళని నేను ఒక్కసారి కూడా చూడలేదు. అప్పుడు నాకు గుర్తొచ్చింది వాళ్ళు కాదు, గోడ వైపు చూస్తున్న ఆయన ముఖం.

సీలు అంత బరువుంటుందని అప్పుడే తెలిసింది. రెండు చేతులా ఎత్తి టైపు మిషను పక్కన పెట్టాను. కుంకుమలో వేలు ముంచి పిడి మీద బొట్టు పెట్టాను. ఒక దండలోంచి పువ్వు తెంపి దాని నెత్తిన పెట్టాను. నడవలో బూట్ల చప్పుడు. బీరువా తలుపు మూసి ఇటు తిరిగేసరికి గుమ్మంలో చిన్న సావుకారు.

ఆయన గుమ్మం దగ్గరే బూట్లు విప్పాడు, పూజ గది కదా, అలవాటు. లోపలికి వచ్చి సీలు చూశాడు. బొట్టు ఇంకా తడిగా ఉంది. నా చూపుడు వేలు ఎర్రగా ఉంది. చెయ్యి వెనక్కి పెట్టుకోవాలని కూడా తోచలేదు. ఆయన ఆ వేలు చూశాడు, నన్ను చూశాడు, సీలు మీదికి చెయ్యి చాచాడు. మధ్యలో ఆగాడు. పొద్దున వాళ్ళమ్మ హారతి ఇచ్చిన వరసలో ఉంది అది. చెయ్యి వెనక్కి తీసుకుని, వెళ్ళి బూట్లు వేసుకున్నాడు. రేపు పదకొండింటికి అని బొంబాయి ఆయనతో చెప్పడం వినిపించింది. విమానం వదులుకోవాల్సి వచ్చినందుకు ఆయన వేసిన కేకలూ వినిపించాయి.

ఆ మధ్యాహ్నమే సెక్రటరీగారూ నేనూ బసవనగుడి వెళ్ళాం. దస్తావేజు నకలు మొదటి నుంచి చివరి దాకా చదివారు. నల్లుల మాట లేదని ఆయన ముందే చెప్పలేదు. మామూలుగా చదివి ఊరుకున్నారు. పెద్దమ్మ మామూలుగా అడిగింది.

"చందాపుర నల్లులు?"

ఆయన ఫైలు మూశారు. "దీంట్లో లేదు పెద్దమ్మా."

ఆమె చేతిలోని కాయ పక్కన పెట్టింది. పొద్దున నేను అక్కడే ఉన్నాను, చెప్పలేదు అని అనేయాలనిపించింది. అంతలో ఆమే, "నా చేవ్రాలు నేను కొట్టేస్తా. ఆ కాగితం తెమ్మని వానికి చెప్పప్పా" అంది.

మర్నాడు పదకొండింటికి పెద్దమ్మ ఆఫీసుకి వచ్చి, కొడుకు ముందూ బొంబాయి ఆయన ముందూ తన సంతకాన్ని అడ్డంగా కొట్టేసింది. రెండు గంటలు గొడవ జరిగింది. బొంబాయి ఆయన అరిచాడు, ఒప్పందం వద్దన్నాడు, మెట్లు దిగి కింద బట్టల కొట్టు దాకా వెళ్ళి మళ్ళీ పైకి వచ్చాడు. ట్యాంకులో నీళ్ళున్నంతకాలం లైనుకి రెండు కొళాయిలు అన్న షరతుతో ఆఖరి పేజీ నేను మళ్ళీ టైపు చేశాను. తప్పులు కొట్టి మూడు కాగితాలు పాడుచేశాను. పెద్దమ్మ మళ్ళీ సంతకం పెట్టింది. చిన్న సావుకారు పెట్టాడు. సెక్రటరీగారు ఉద్వాసన చెప్పి, బొట్టు తుడిచి, చెప్పులు విడిచి, ఒంటి బరువంతా వేసి నొక్కారు. కళ్ళు మూసుకుని తడిమి చూశారు.

అందరూ వెళ్ళాక తాళంచెవుల గుత్తి తీసి చిన్న సావుకారు బల్ల మీద పెట్టారు.

"ఇదేంది?" అన్నాడాయన.

"నిన్న నేను చెప్పినప్పుడు సీలు పూజలో లేదప్పా. బీరువాలో ఉండె. సీలు పేరు చెప్పి అబద్ధమాడినోడు దాన్ని పెట్టుకోకూడదు."

చిన్న సావుకారు గొంతు తగ్గింది. "నేను కండ్లారా చూస్తిని కదా పూజలో. ఆ మాట వదిలేయండి."

"మీరు చూసింది తర్వాత. నేను చెప్పింది ముందర."

ఎవరు పెట్టారని ఆయన అడగలేదు. ఈయన చెప్పలేదు. నేనూ అక్కడే, గుమ్మం దగ్గర, నోట్‌బుక్కుతో నిలబడి ఉన్నాను. రెండోసారి కూడా నోరు తెరవలేదు. సెక్రటరీగారు గొడుగు తీసుకుని మెట్లు దిగారు. ఆ వారం గడిచాక చిన్న సావుకారు గుత్తి నా బల్ల మీద పెట్టి, "ఇంక నువ్వే చూసుకోమ్మా" అన్నాడు. తీసుకున్నాను.

సోమవారాలు ఆగిపోయాయి. కాగితాలు డ్రైవరు వెంట బసవనగుడికి వెళ్ళి సంతకంతో తిరిగి వచ్చేవి. నేను సీలు వేసేదాన్ని. మూడు నెలల తర్వాత అవెన్యూ రోడ్డులో ఒక మధ్యాహ్నం ఆయన ఎదురయ్యారు. చిక్కిపోయారు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

"పెద్దమ్మకి చదివి వినిపిస్తా ఉండావామ్మా?" అన్నారు. ఇంకేమీ అడగలేదు, ఇల్లు, నాయన, ఏమీ.

"వినిపిస్తున్నాను సార్" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీశారు. తుడవలేదు. నా ముఖంలోకి అట్లాగే చూసి, మళ్ళీ పెట్టుకుని, "మంచిదమ్మా" అని జనంలో కలిసిపోయారు. తర్వాత నేను ఆయన్ని చూడలేదు. వాళ్ళింటికి వెళ్ళే ముఖం నాకు లేకపోయింది.

ఆ సోమవారం చిన్న సావుకారుని అడగకుండానే ఫైలు సంచీలో పెట్టుకుని బసవనగుడి బస్సెక్కాను. పెద్దమ్మ వరండాలో ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, రమ్మనలేదు. నేను చాప మీద కూర్చుని, పైనున్న కాగితం తీసి, మొదటి వాక్యం కింద వేలు పెట్టాను.

"ఆగు" అంది. "ఆయన ఆఫీసు విడిచి పోయినాక నేను పెట్టిన చేవ్రాళ్ళు ఎన్ని?"

"పదకొండు పెద్దమ్మా."

"అయితే ముందు ఆ పదకొండూ చదువు."